నార్మల్‌గా ఉందా లేదా: ఏ గ్రాఫ్‌ని నమ్మాలి?

డేటా నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌కి (మధ్యలో ఎత్తుగా ఉండి రెండు పక్కలా ఒకేలా తగ్గే గంట ఆకారానికి) దగ్గరగా ఉందో లేదో గ్రాఫ్‌లో చూడాలనుకుని, ఒక్క గ్రాఫే గీసే వీలుంటే క్యూ-క్యూ ప్లాట్ గీయండి. డేటా నార్మలైతే చుక్కలన్నీ దాదాపు ఒక తిన్నని గీత మీద పడే గ్రాఫ్ అది. రెండు గీయగలిగితే పక్కన హిస్టోగ్రామ్ పెట్టండి. బాక్స్ ప్లాట్‌ని మాత్రం ఈ పనికి వాడకండి, దాని పని వేరు. తొందరలో ఉన్నవాళ్లకి ఇదే జవాబు. తీరిక ఉన్నవాళ్లకి ఎందుకలా అంటున్నానో, ఏ గ్రాఫ్ ఎక్కడ మోసం చేస్తుందో చెబుతాను.

నేను విశాఖలో ఎంవీపీ కాలనీలో ఉంటాను. సాయంత్రాలు పీజీ విద్యార్థులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని థీసిస్ లెక్కల కోసం వస్తుంటారు. ఎక్కువ మంది మెడికల్ పీజీలు, కొందరు ఫిషరీస్ వాళ్లు, అప్పుడప్పుడు ఇంజినీరింగ్ నుంచి ఒకరిద్దరు. సబ్జెక్టు ఏదైనా టెన్షన్ ఒకటే: "మేడమ్, నా డేటా నార్మలేనా? టి-టెస్ట్ చేసుకోవచ్చా?" టి-టెస్ట్ అంటే సగటుల్ని పోల్చే పరీక్ష. చాలామంది అప్పటికే నార్మలా కాదా అని చూసే షాపిరో-విల్క్ పరీక్ష చేసి, అది ఇచ్చే పి-వాల్యూ అనే అంకె 0.05కి పైన (నార్మల్ అనుకోవచ్చు) వచ్చిందో కింద (కాదు) వచ్చిందో రాసుకుని వస్తారు. డేటా ఆకారాన్ని కళ్లారా చూసి వచ్చేవాళ్లు తక్కువ. నాకు బాధ అనిపించేది అక్కడే. నెలల తరబడి వార్డుల్లో తిరిగి, ఒక్కో రోగిని అడిగి రాసుకున్న అంకెలవి. అంత కష్టపడి తెచ్చినదాన్ని ఒక్కసారి గీసి చూసుకోవడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు.

ఆ పరీక్షకి పేరు వచ్చిన ఇద్దరిలో ఒకరైన మార్టిన్ విల్క్ కూడా గ్రాఫ్‌ల మనిషే. షాపిరోతో కలిసి ఆయన ఆ పరీక్షని ప్రకటించింది 1965లో. మూడేళ్లకి, 1968లో, మద్రాసులో పుట్టి అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రామనాథన్ జ్ఞానదేశికన్‌తో కలిసి క్యూ-క్యూ ప్లాట్‌ల మీద వ్యాసం రాశారు. ఇప్పుడు మనం గీస్తున్న క్యూ-క్యూ ప్లాట్‌కి అదే ఆధారం. అసలు షాపిరో-విల్క్ పరీక్ష ఇచ్చే అంకె కూడా, సులువుగా చెప్పాలంటే, ఆ ప్లాట్‌లో చుక్కలు గీతకి ఎంత దగ్గరగా ఉన్నాయో కొలిచే కొలతే. కాబట్టి గ్రాఫ్ చూడకుండా పి-వాల్యూ మాత్రమే చూడటమంటే, ఎక్స్‌రే చూడకుండా రిపోర్టులో చివరి లైను చదివినట్టే.

ముందు ఒక ప్రశ్న: ఏది నార్మల్‌గా ఉండాలి?

గ్రాఫ్ ఎంచుకునే ముందే ఇది తేల్చుకోవాలి. ఇక్కడ పొరపాటు జరిగితే ఎంత మంచి గ్రాఫ్ గీసినా ఉపయోగం లేదు.

రెండు గ్రూపుల మధ్య టి-టెస్ట్ చేస్తున్నారనుకోండి. నార్మల్‌గా ఉండాల్సింది ఒక్కో గ్రూపు లోపలి డేటా, రెండూ కలిపిన మొత్తం కాదు. మగవాళ్ల, ఆడవాళ్ల హిమోగ్లోబిన్ విలువలు కలిపి హిస్టోగ్రామ్ గీస్తే వెడల్పుగా, ఒక్కోసారి రెండు గుట్టలుగా కనబడుతుంది. అది చూసి "నాన్-నార్మల్" అని రాసేస్తారు. గ్రూపులు విడదీస్తే రెండూ చక్కగా ఉండొచ్చు. ఒకే రోగికి మందు ఇవ్వక ముందు, ఇచ్చాక బీపీ చూసి పెయిర్డ్ టి-టెస్ట్ చేస్తుంటే, చూడాల్సింది ఆ రెండింటి తేడాని. రిగ్రెషన్ (కొన్ని కొలతల నుంచి ఇంకోదాన్ని అంచనా వేసే లెక్క) చేస్తుంటే రెసిడ్యువల్స్‌ని, అంటే మోడల్ చెప్పిన విలువకీ అసలు విలువకీ మధ్య మిగిలినదాన్ని. రిగ్రెషన్‌లో రోగుల వయసు నార్మల్‌గా ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. అయినా వయసుకి నార్మాలిటీ పరీక్ష చేసి, అది ఫెయిలయిందని మోడలే మార్చేసుకున్నవాళ్లని చూశాను.

ఇది తేలాకే గ్రాఫ్‌ల సంగతి.

పది అంకెలు, నాలుగు గ్రాఫ్‌లు

కిందటేడాది ఒక అమ్మాయి వచ్చింది. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ చదువుతోంది. ఓపీలో చీటీ తీసుకున్న దగ్గర్నుంచి డాక్టర్ని చూసేదాకా రోగి ఎన్ని నిమిషాలు ఆగాల్సి వస్తోందన్నది ఆమె టాపిక్. నలభై మంది రోగుల డేటా. "షాపిరో-విల్క్ ఒక్కటి పెట్టు, చాలు" అని ఎవరో చెప్పారట. ఆమెకి గ్రాఫ్‌లు అర్థం కావడానికి నేను కాగితం మీద పది అంకెలు వేసి చూపించాను. ఆమె డేటా కాదు, లెక్క చేతికి అందడానికి నేను అనుకుని వేసినవి. నిమిషాల్లో: 3, 6, 8, 10, 12, 15, 18, 24, 34, 60.

మొదట హిస్టోగ్రామ్. కార్ల్ పియర్సన్ 1890ల్లో ఈ పేరు పెట్టారు. మన స్కూలు పుస్తకాల్లో దీన్నే సోపాన చిత్రం అంటారు. పది నిమిషాలకో తరగతి చొప్పున గీస్తే పదిలోపు మూడు, పది నుంచి ఇరవై లోపు నాలుగు, ఆ తర్వాత ఒకటి, ఒకటి, రెండు ఖాళీలు, చివర్న ఒంటరిగా ఒకటి. అంటే ఎడమవైపు చిన్న గుట్ట, దానికి పొడుగాటి తోక. ఇరవై నిమిషాలకో తరగతి తీసుకుంటే ఏడు, రెండు, సున్నా, ఒకటి. గుట్ట మాయమై మెట్లు దిగుతున్నట్టుంది. డేటా అదే, బొమ్మ మారిపోయింది. హిస్టోగ్రామ్‌తో ఉన్న పెద్ద చిక్కు ఇదే. తరగతి వెడల్పు ఎంతుండాలి, ఎక్కడ మొదలవ్వాలి అన్నది మీరైనా నిర్ణయించాలి, లేదా సాఫ్ట్‌వేర్ తనకి తోచినట్టు నిర్ణయిస్తుంది. స్టర్జెస్ 1926లో ఇచ్చిన సూత్రం చాలా ప్రోగ్రాముల్లో ఇప్పటికీ ఉంది. దాని ప్రకారం 64 విలువలుంటే 7 తరగతులు. చిన్న శాంపిల్‌లో ఆ ఏడు స్తంభాల్లో ఒకటి కాస్త ఎత్తుగా, పక్కది కాస్త పొట్టిగా ఉండటం అదృష్టం మీద ఆధారపడిన విషయం. నిజంగా నార్మల్ నుంచి వచ్చిన ముప్పై విలువల్ని గీసినా చాలాసార్లు గంట ఆకారం కనబడదు.

ఇంకో విషయం. హిస్టోగ్రామ్ మీద నార్మల్ వంపు గీయించి, "చూడండి, సరిపోయింది" అంటారు. ఆ వంపు మన కంటిని మోసం చేస్తుంది. స్తంభాలకీ వంపుకీ ఎంత తేడా ఉంటే ఎక్కువో కన్ను చెప్పలేదు. ముఖ్యంగా రెండు చివర్లలో స్తంభాలు ఎలాగూ పొట్టిగా ఉంటాయి కాబట్టి అక్కడి తేడా కనబడనే కనబడదు. టి-టెస్ట్ లాంటివాటిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి చూస్తే ఆ చివర్లే.

మరి హిస్టోగ్రామ్ దేనికి? డేటా మొత్తం మీద మొదటి చూపుకి. రెండు గుట్టలున్నాయా, ఒకవైపు తోక ఉందా, అసలు ఉండకూడని అంకెలు ఉన్నాయా (వయసు 230 అని పడ్డ రోజులున్నాయి) అన్నది వెంటనే తెలుస్తుంది. వందకి పైగా విలువలుంటే బాగా పనిచేస్తుంది. రెండు మూడు రకాల వెడల్పులతో గీసి చూడండి. అన్నింట్లోనూ కనబడేదాన్ని నమ్మండి, ఒక్కదాంట్లోనే కనబడితే వదిలేయండి.

స్తంభాల బదులు నున్నటి గీతలా వచ్చే డెన్సిటీ కర్వ్ కూడా ఇదే కుటుంబం. అందంగా ఉంటుంది, రెండు గ్రూపుల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి పోల్చడానికి బాగుంటుంది. కాకపోతే ఓపీ నిమిషాలకి గీస్తే గీత సున్నాకి ఎడమవైపుకి కూడా జారుతుంది. డాక్టర్ని చూడటానికి మైనస్ ఐదు నిమిషాలు ఎవరూ ఆగరు. నునుపు చేయడంలో అది తెచ్చిపెట్టిన భాగమది.

రెండోది బాక్స్ ప్లాట్. జాన్ ట్యూకీ 1970ల్లో ప్రచారంలోకి తెచ్చారు. మన పది అంకెలకి మీడియన్, అంటే సరిగ్గా మధ్య విలువ, 13.5. మధ్య సగం విలువల్ని చూపించే పెట్టె 8 దగ్గర మొదలై 24 దగ్గర ముగుస్తుంది, వెడల్పు 16. దానికి ఒకటిన్నర రెట్లు 24, అంటే పైవైపు 48 దాటినదాన్ని విడిగా చుక్కగా చూపిస్తుంది. 60 అలా ఒంటరి చుక్క అయింది. మీడియన్ గీత పెట్టె మధ్యలో కాక ఎడమకి జరిగి ఉంది, కుడి మీసం (పెట్టె నుంచి బయటికి వచ్చే గీత) పొడుగ్గా ఉంది. ఏటవాలు, అంటే ఒకవైపు తోక, ఉందని ఇది చెప్పగలిగింది.

కానీ ఏటవాలు లేకపోవడమూ, నార్మల్‌గా ఉండటమూ ఒకటి కాదు. ఫిషింగ్ హార్బర్ దగ్గర జరిగిన విషయం చెబుతాను. ఫిషరీస్ చదివే కుర్రాడు కానాగంతల పొడవులు కొలిచి తెచ్చాడు. బాక్స్ ప్లాట్ చూస్తే ముచ్చటగా ఉంది: మీడియన్ సరిగ్గా మధ్యలో, రెండు మీసాలూ సమానం, విడి చుక్క ఒక్కటీ లేదు. "ఇది నార్మలే కదా మేడమ్" అన్నాడు. హిస్టోగ్రామ్ గీయిస్తే రెండు గుట్టలు, మధ్యలో లోయ. ఎక్కడ కొలిచావని అడిగితే, ఆ రోజు రెండు బోట్ల గంపలు పక్కపక్కనే ఉన్నాయట. ఒకదాంట్లో చిన్న సైజు చేప, ఇంకోదాంట్లో పెద్ద సైజు. రెండింట్లోంచీ తీసి కొలిచి ఒకే వరుసలో రాశాడు. పెట్టె మధ్యలో ఏముందో బాక్స్ ప్లాట్ చెప్పదు. లోయ ఉన్నా, గుట్ట ఉన్నా ఒకే పెట్టె గీస్తుంది.

దీని విషయంలో ఇంకో జాగ్రత్త. పూర్తిగా నార్మల్ డేటాలో కూడా సుమారు 0.7 శాతం విలువలు ఆ హద్దు దాటి బయట పడతాయి. వెయ్యి మంది ఉంటే ఏడు చుక్కలు మామూలే. చుక్క కనబడగానే "అవుట్‌లయర్" అని తీసేయడం తప్పు. విశాఖలో ఏటా వీచిన గరిష్ఠ గాలివేగాలు గీస్తే 2014 విడిగా నిలబడుతుంది. ఆ ఏడాది అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటింది. ఆ చుక్కని తీసేసి భవనాలకి గాలి లెక్కలు కడతామా? చుక్క ఎందుకొచ్చిందో కనుక్కోండి. టైపింగ్ తప్పయితే దిద్దండి, నిజమైతే ఉంచండి.

మూడు నాలుగు గ్రూపుల్ని పక్కపక్కన పెట్టి పోల్చడానికి బాక్స్ ప్లాట్‌ని మించింది లేదు. నార్మాలిటీ తీర్పు మాత్రం దాన్ని అడగొద్దు.

క్యూ-క్యూ ప్లాట్: ఎందుకు దీనికే నా ఓటు

కన్ను వంపుల్ని సరిగ్గా పోల్చలేదు కానీ, గీత తిన్నగా ఉందో లేదో ఇట్టే పట్టేస్తుంది. తాపీమేస్త్రి దారం పట్టి గోడ చూసినట్టు. క్యూ-క్యూ ప్లాట్ చేసేది, నార్మలా కాదా అన్న ప్రశ్నని గీత తిన్నగా ఉందా లేదా అన్న ప్రశ్నగా మార్చడమే.

చేతితో గీసి చూస్తే భయం పోతుంది. మన పది అంకెల్ని చిన్న నుంచి పెద్దకి పేర్చాం. పది విలువలు సరిగ్గా నార్మల్ నుంచి వస్తే ఒక్కోటి ఎక్కడ ఉండాలో లెక్కేయాలి. మొదటిది 5 శాతం దగ్గర, రెండోది 15, మూడోది 25, అలా పదోది 95 శాతం దగ్గర. ఎక్సెల్‌లో నార్మ్.ఎస్.ఇన్వ్ అనే ఫార్ములాకి ఈ శాతాల్ని దశాంశాలుగా ఇస్తే వచ్చేవి: -1.645, -1.036, -0.674, -0.385, -0.126, తర్వాత అవే ప్లస్ గుర్తుతో వెనక్కి. (సాఫ్ట్‌వేర్‌ని బట్టి ఈ స్థానాలు కొద్దిగా మారతాయి, పెద్ద తేడా ఉండదు.) ఇవి అడ్డంగా, మన నిమిషాలు నిలువుగా పెట్టి స్కాటర్ గీయడమే.

ఇప్పుడు రెండు చివర్లూ చూడండి. ఎడమ చివర మొదటి రెండు చుక్కల మధ్య అడ్డదూరం 0.609. కుడి చివర ఆఖరి రెండు చుక్కల మధ్య కూడా 0.609. గీత తిన్నగా ఉండాలంటే నిలువుగా కూడా అవి దాదాపు ఒకే ఎత్తు ఎక్కాలి. ఎడమవైపు 3 నుంచి 6కి, మూడు నిమిషాలే ఎక్కింది. కుడివైపు 34 నుంచి 60కి, ఇరవై ఆరు నిమిషాలు ఎక్కింది. అందుకే చుక్కలు ఎడమవైపు నేలబారుగా నడిచి, కుడివైపు సింహాచలం మెట్లలా పైకి లేస్తాయి. ఆ అమ్మాయి పెన్సిల్‌తో చుక్కలు కలుపుతూ, తిన్నని గీత రాదని తనే చెప్పింది.

అవే అంకెలకి లాగరిథం తీసి మళ్లీ గీయించాను. 3కి 0.48, 6కి 0.78, 34కి 1.53, 60కి 1.78. ఎడమ చివర 0.30 ఎక్కింది, కుడి చివర 0.25. మధ్యలోవి కూడా దాదాపు వరుసలోకి వచ్చేశాయి. డేటా నార్మల్ కాదని చెప్పడంతో ఆగకుండా, ఏం చేస్తే దారికొస్తుందో కూడా ఈ ప్లాట్ చూపించింది. ఏ పరీక్షా ఇలా చెప్పదు. పి-వాల్యూ "కాదు" అని ఊరుకుంటుంది.

చుక్కలు గీతని ఎలా తప్పాయన్నదాన్ని బట్టి రోగం పట్టుకోవచ్చు. నార్మల్ అంకెలు అడ్డంగా, మీ డేటా నిలువుగా ఉన్నప్పుడు రెండు చివర్లూ గీతకి పైన ఉండి మధ్య భాగం కిందకి కుంగితే కుడివైపు తోక ఉందని అర్థం. ఆదాయాలు, ఆసుపత్రిలో ఉన్న రోజులు, చేపల బరువులు ఇలా వస్తాయి. చేప బరువు దాని పొడవుకి దాదాపు ఘనంలా పెరుగుతుంది, కాబట్టి పొడవులు నార్మల్‌గా ఉన్నా బరువులు ఉండవు. రెండు చివర్లూ కిందకి వాలితే తోక ఎడమవైపు. తేలిక పేపరులో క్లాసులో చాలామందికి మంచి మార్కులు వచ్చి కొందరు బాగా వెనకబడినప్పుడు ఇలా ఉంటుంది. ఎడమ చివర గీత కిందకి, కుడి చివర గీత పైకి పోతే రెండు తోకలూ బరువుగా ఉన్నాయి, అంటే విపరీతమైన విలువలు ఉండాల్సినదానికంటే ఎక్కువ. దీనికి జాగ్రత్త పడాలి. దానికి తిరగబడి ఉంటే తోకలు తేలిక, దానివల్ల నష్టం తక్కువ. మధ్యలో నిట్టనిలువుగా ఎక్కి రెండు పక్కలా చదునుగా ఉంటే హార్బర్ కుర్రాడి రెండు గంపల కథ.

ఇంకో ఆకారం మెడికల్ థీసిస్‌లలో తరచూ కనబడుతుంది: మెట్లు. బీపీ రీడింగులు 120, 130, 140 అని రౌండ్ చేసి రాసేసి ఉంటారు. ఒకే విలువ మీద పది చుక్కలు అడ్డంగా పరుచుకుని, ఒక్క గెంతు గెంతి మళ్లీ పరుచుకుంటాయి. మెట్ల మధ్యభాగాలు గీతని తాకుతూ పోతుంటే ఆకారం నార్మలే, కొలతే మోటుగా ఉంది. షాపిరో-విల్క్ ఇలాంటి డేటాని ఊరికే ఫెయిల్ చేయొచ్చు. ప్లాట్ చూస్తేనే కారణం తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది పడే గుంట ఒకటుంది. లెక్కలకి వాడే సాఫ్ట్‌వేర్లలో ఆర్‌లోనూ, పైథాన్‌లోనూ మీ డేటా నిలువు అక్షం మీద ఉంటుంది. ఎస్‌పీఎస్‌ఎస్‌లో మీ డేటా అడ్డంగా, నార్మల్ విలువలు నిలువుగా వస్తాయి. అంటే నేను పైన చెప్పిన వంపులన్నీ తిరగబడతాయి. పుస్తకంలో బొమ్మ చూసి ఎస్‌పీఎస్‌ఎస్ ప్లాట్ చదివితే కుడి తోకని ఎడమ తోక అంటారు. అక్షాల మీద ఏం రాసి ఉందో ముందు చూడండి. ఎస్‌పీఎస్‌ఎస్‌లో దారి ఇది: అనలైజ్, డిస్క్రిప్టివ్ స్టాటిస్టిక్స్, ఎక్స్‌ప్లోర్, అక్కడ ప్లాట్స్‌లో నార్మాలిటీ ప్లాట్స్ విత్ టెస్ట్స్. అక్కడే డీట్రెండెడ్ ప్లాట్ అని ఇంకోటి వస్తుంది. గీతని పడుకోబెట్టి తేడాల్ని మాత్రమే చూపిస్తుంది. చిన్న తేడా కూడా అందులో పెద్దగా కనబడుతుంది కాబట్టి అక్షం మీద అంకెలు చూడకుండా కంగారు పడకండి. పైథాన్‌లో స్టాట్స్‌మోడల్స్ వాడితే గీత దానంతటదే రాదు, అడిగి వేయించుకోవాలి. ఆర్ మొదటి, మూడో చతుర్థాంశాల (డేటాలో పావు వంతు, ముప్పావు వంతు దగ్గరి విలువల) గుండా గీత గీస్తుంది, అందువల్ల ఒకటి రెండు విపరీత విలువలు దాన్ని పక్కకి లాగలేవు. నాకు ఆ పద్ధతే ఇష్టం.

పేరు దగ్గరగా ఉండే పీ-పీ ప్లాట్ వేరు. ఎస్‌పీఎస్‌ఎస్ రిగ్రెషన్‌లో "నార్మల్ ప్రాబబిలిటీ ప్లాట్" టిక్ చేస్తే వచ్చేది అదే. అది సున్నా నుంచి ఒకటి లోపే ఉంటుంది కాబట్టి రెండు మూలల్లో చుక్కలు ఎలాగూ గీత దగ్గరికి చేరిపోతాయి. మధ్యలో తేడాలు బాగా చూపిస్తుంది, తోకల్లో తేడాలు దాచేస్తుంది. మనకి కావలసినవి తోకలు కాబట్టి రెసిడ్యువల్స్ సేవ్ చేసుకుని వాటికి క్యూ-క్యూ ప్లాట్ విడిగా గీసుకోండి.

ఎంత వంగితే వంగినట్టు?

క్యూ-క్యూ ప్లాట్ మీద ఉన్న న్యాయమైన ఫిర్యాదు ఇదే. నార్మల్ నుంచి వచ్చిన ఇరవై విలువలు గీసినా చుక్కలు కాస్త వంకరపోతాయి, చివర్లు ఇంకా ఎక్కువ ఊగుతాయి. ఏది సహజమైన ఊగు, ఏది నిజమైన వంపు?

దీనికి మంచి ఉపాయం ఉంది. మీ శాంపిల్ సైజు ఎంతో, అన్నే విలువలున్న నార్మల్ శాంపిళ్లు పంతొమ్మిది కంప్యూటర్‌తో తయారు చేయించండి. పంతొమ్మిదింటికీ క్యూ-క్యూ ప్లాట్‌లు గీసి, మీ ప్లాట్‌ని మధ్యలో ఎక్కడో కలిపేయండి. మొత్తం ఇరవై. డేటా గురించి ఏమీ తెలియని మనిషికి చూపించి, వీటిలో తేడాగా ఉన్నది ఏదో చెప్పమనండి. ఊరికే ఊహించి చెబితే మీది దొరికే అవకాశం ఇరవైలో ఒకటి, అంటే 5 శాతం. మొదటి చూపులోనే మీదాన్ని పట్టుకుంటే మీ డేటా నార్మల్ కాదనడానికి గట్టి ఆధారం దొరికినట్టే.

ఓపీ అమ్మాయి నలభై విలువలకి ఇలాగే చేశాం. ఆ రోజు ఆమెని తీసుకెళ్లడానికి వాళ్లమ్మ వచ్చి హాల్లో కూర్చున్నారు. ల్యాప్‌టాప్ ఆమె ముందు పెట్టి, ఇరవై బొమ్మలు చూపించి, వీటిలో మిగతావాటితో కలవనిది ఏదో చెప్పమన్నాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుని వరుసగా చూస్తూ మూడో వరుసలో ఆగారు. "ఇదేటమ్మా, ఇదొక్కటే ఇలా ఒంగిపోయింది?" అన్నారు. అదే ఆ అమ్మాయి డేటా. లాగ్ తీసి మళ్లీ ఇరవై గీసి చూపిస్తే చాలాసేపు చూసి, "అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదా" అన్నారు. ఆ అమ్మాయి ముఖంలో టెన్షన్ తగ్గడం నేను చూశాను.

మీరూ ఒకటి రెండుసార్లు ఇది చేస్తే కంటికి అలవాటవుతుంది. పది విలువల్లో ఎంత వంకర మామూలో, మూడు వందల్లో ఎంతో తెలిసిపోతుంది.

శాంపిల్ సైజుని బట్టి

పదికి లోపు ఉంటే ఏ గ్రాఫూ, ఏ పరీక్షా పెద్దగా ఏమీ చెప్పలేదు. షాపిరో-విల్క్ చాలాసార్లు "పాస్" అంటుంది, ఎందుకంటే కాదని చెప్పడానికి దాని దగ్గర సరుకు లేదు. అన్ని విలువల్నీ చుక్కలుగా ఒకే గీత మీద పెట్టి చూడండి. ఆ కొలత స్వభావం ఏమిటో ఆలోచించండి: అది సున్నా కంటే తగ్గనిదా, కొద్దిమందిలోనే బాగా పెరిగేదా? అలాంటి వాటికి కుడి తోక ఉంటుందని ముందే అనుకోవచ్చు.

పదిహేను నుంచి వంద దాకా, అంటే మన థీసిస్‌లలో ఎక్కువ భాగం, క్యూ-క్యూ ప్లాటూ ఇరవై బొమ్మల పద్ధతీ. హిస్టోగ్రామ్ పక్కన ఉంచండి కానీ దాని మాట రెండోదే.

కొన్ని వందలుంటే రెండూ బాగా పనిచేస్తాయి. వేలల్లో ఉంటే పరీక్షల్ని పక్కన పెట్టండి. అంత డేటాలో షాపిరో-విల్క్ అయినా, అలాంటిదే అయిన ఆండర్సన్-డార్లింగ్ అయినా, ఏ పనికీ అడ్డురాని అతి చిన్న తేడాని కూడా పట్టుకుని "కాదు" అంటాయి. క్యూ-క్యూ ప్లాట్ ఒక్కటే ఆ తేడా ఎంత ఉందో చూపిస్తుంది. ఇంకో మాట, నార్మాలిటీకి వాడే మరో పరీక్ష కొల్మొగొరోవ్-స్మిర్నోవ్‌లో సగటు, ప్రామాణిక విచలనం మీ డేటా నుంచే తీసుకుంటే 1967లో లిల్లీఫోర్స్ ఇచ్చిన సవరణతోనే చదవాలి. ఎస్‌పీఎస్‌ఎస్ ఎక్స్‌ప్లోర్ ఆ సవరణతోనే ఇస్తుంది. అయినా చిన్న శాంపిల్‌కి షాపిరో-విల్క్ దానికంటే మేలు.

శాంపిల్ పెద్దదై, మీకు కావలసింది సగటుల పోలికే అయితే కొంచెం వంపు ఉన్నా టి-టెస్ట్ నిలబడుతుంది. శాంపిల్ పెద్దదయ్యే కొద్దీ సగటులు నార్మల్‌కి దగ్గరవుతాయనే కేంద్ర అవధి సిద్ధాంతం అక్కడ ఆదుకుంటుంది. కానీ "ఇంతమందిలో ఒకరికి ఈ విలువ దాటుతుంది" అన్నట్టు చివర్ల గురించి చెప్పాల్సి వస్తే, సగటు ప్లస్ మైనస్ రెండు విచలనాలని నార్మల్ రేంజ్ అని రాయాల్సి వస్తే, తోకలు తిన్నగా ఉండాల్సిందే. అప్పుడు శాంపిల్ ఎంత పెద్దదైనా మినహాయింపు లేదు.

థీసిస్‌లో ఏం రాయాలి?

"డేటా నార్మల్‌గా ఉంది" అని ఒక్క ముక్క రాస్తే వైవాలో ప్రశ్న వస్తుంది. ఏది చూశారో, ఎలా చూశారో, ఏం కనబడిందో రాయండి. ఓపీ అమ్మాయి థీసిస్‌లో మేము రాసింది సుమారుగా ఇలా ఉంది: "నిరీక్షణ సమయాన్ని హిస్టోగ్రామ్, క్యూ-క్యూ ప్లాట్‌ల ద్వారా పరిశీలించాం. విలువలు కుడివైపు తోకతో ఉన్నందున లాగరిథం తీసుకున్నాం. ఆ తర్వాత క్యూ-క్యూ ప్లాట్‌లో చుక్కలు గీతకి దగ్గరగా ఉన్నాయి. లెక్కలన్నీ లాగ్ విలువల మీద చేసి, ఫలితాలని తిరిగి నిమిషాల్లోకి మార్చి ఇచ్చాం." కింద రెండు క్యూ-క్యూ ప్లాట్‌లు పక్కపక్కన, లాగ్‌కి ముందు ఒకటి, తర్వాత ఒకటి. అక్షాల మీద పేర్లు, ఏ సాఫ్ట్‌వేర్‌తో గీశామో కూడా రాశాం. షాపిరో-విల్క్ విలువ అడిగితే ఇవ్వడానికి అనుబంధంలో పెట్టుకుంది.

లాగ్ తీసినా తిన్నగా రాకపోతే, డేటా నార్మల్‌గా ఉండాలని అడగని మాన్-విట్నీ లాంటి పరీక్షలున్నాయి, వాటికి వెళ్లడంలో తక్కువతనం ఏమీ లేదు. వెళ్లేముందు క్యూ-క్యూ ప్లాట్‌ని ఇంకోసారి చూడండి. మధ్యలో ఆ నిట్టనిలువు గెంతు ఉంటే పరీక్ష మార్చడం కాదు, రెండు గంపలు ఎక్కడ కలిశాయో వెతకాలి. హార్బర్ కుర్రాడు మర్నాడు తెల్లవారుజామునే వెళ్లి, ఈసారి ఏ బోటు చేపో ప్రతి పొడవు పక్కనా రాసుకుని వచ్చాడు.